చెరువుపై పచ్చని తెట్టె

వేసవి యెండలు ముదిరిన దినములలో హుస్సేన్ సాగరము గట్టున నడచువారు ముక్కు మూసికొనక తప్పదు. నీటిపై పచ్చరంగు కలిపి పోసినట్లు చిక్కని తెట్టె కట్టియుండును. దీనిని జనులు పాచి యని సరిపెట్టుకొందురు. కాని మెట్లమీద కాలు జార్చు పాచి వేరు, ఇది వేరు. నీలి ఆకుపచ్చ నాచు అను పేరే గాని, నిజమునకిది సూర్యరశ్మితో ఆహారము సమకూర్చుకొను బాక్టీరియా. వీనిలో మైక్రోసిస్టిస్ అనుదాని కణములలో వాయువు నిండిన అతి సూక్ష్మమగు తిత్తులుండును. అందుచే అది పైకి తేలి, వెలుతురును తానే గ్రహించి, క్రిందనున్న మొక్కలను చీకటిలో నుంచును.

ఈ పరిశీలన మన నగరమునకు క్రొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన జాఫర్ గారు హైదరాబాదు చేపల చెరువులలోని నాచును గూర్చి 1964 మొదలు వ్యాసములు ప్రకటించిరి. వేంకటేశ్వర్లు గారు 1969లో మూసీనది నాచునకును కాలుష్యమునకును గల సంబంధమును వివరించిరి. మరుసటి యేడు మునవర్ గారు ఇచటి మంచినీటి చెరువులను గూర్చి వ్రాసిరి. ఇట్టి పనికి గొప్ప యంత్రములకంటె ఓపిక ముఖ్యమని మా అభిప్రాయము.

నాచు ఇంతగా ఏల పెరుగును? 1973లో కెనడాలో షిండ్లర్ అను శాస్త్రజ్ఞుని బృందము ఒక సరస్సును తెరతో రెండుగా విభజించి, ఒక వైపు కర్బనము, నత్రజని మాత్రమును, రెండవ వైపు వానితోబాటు భాస్వరమును కలిపినది. భాస్వరము పడిన వైపే పచ్చబారినది. మనకట్టి ప్రయోగము చేయ బనిలేదు. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు మురుగుతో భాస్వరమును ఏండ్ల తరబడి సాగరమునకు మోసినవి.

మైక్రోసిస్టిస్‌లో కొన్ని రకములు మైక్రోసిస్టిన్ అను విషమును పుట్టించును. అది కాలేయమును చెరచును. గృహిణులు తప్పక గమనింపవలసినదేమన, నీటిని కాచినంత మాత్రమున ఈ విషము పోదు. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరమున 4 లక్షలకు పైబడిన జనులు రెండు దినములకు పైగా కుళాయినీరు త్రాగలేకపోయిరి. పచ్చని తెట్టె కట్టిన చెరువున పశువులను త్రాగనీయరాదు, పిల్లలను దిగనీయరాదు. నాచు కుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువు తరిగి చేపలు తెల్లవారుసరికి చచ్చి తేలును. చేపలపై బ్రతుకువారికది ఒక రాత్రిలో పోవు పంట.

మైలతుత్తము చల్లిన నాచు చచ్చునని కొందరందురు. చచ్చుట నిజమే. కాని కణములు పగిలి లోపలి విషమంతయు ఒక్కమారుగా నీటిలో కలియును. తార్నాక చెంతనే విశ్వవిద్యాలయము, రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ పోషకాహార సంస్థ కలవు. నాచును గుర్తించుట మొదటివారి విద్య, విషమును కొలుచుట రెండవవారిది, దేహముపై దాని ఫలితమును తెలిసికొనుట మూడవవారిది. ఈ మూడును ఒక్క చెరువుగట్టున కలిసినగాని ఈ పని సాగదు.

మురుగును మళ్లించుటయే మొదటి మందు. అయినను ఫలితము వెంటనే కానరాదు. అడుగున పేరుకొనిన బురద, ప్రాణవాయువు లేనివేళ, తాను దాచుకొనిన భాస్వరమును మరల పైకి వదలుచునే యుండును.