స్తంభం నుంచి ఇంటిదాకా

 

ఆదివాసీ దినోత్సవం నాడు ఆటపాటల మధ్య ఈ కరెంటు గోల ఏమిటని కొందరికి అనిపించవచ్చు. రాత్రిపూట పిల్లలు చదవాలన్నా, అవ్వల పాటలు ఫోన్లో రికార్డు చేసి దాచుకోవాలన్నా అదే కావాలి గదా.

మన మాచర్ల పక్కనే నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. కుడి కాలువ దగ్గర పవర్‌హౌస్ మన గడ్డ మీదే ఉంది. అయినా మన తండాల్లో కిరోసిన్ బుడ్డి ఎప్పటిదాకా వెలిగిందో ఇంటికెళ్లి మీ తాతలను అడగండి. కరెంటు పుట్టించడం ఒక ఖర్చు, ఇంటిదాకా తేవడం ఇంకో ఖర్చు. ముప్పై గడపల గూడెం కోసం కిలోమీటర్ల కొద్దీ లైను లాగితే ఆ డబ్బు బిల్లుల్లో తిరిగి రాదు. లాభం చూసుకునే బ్యాంకు అటు తొంగి చూడదు. అందుకే 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పెట్టారు. 2005లో వచ్చిన రాజీవ్ గాంధీ పథకంలో ఖర్చులో 90 శాతం కేంద్రం గ్రాంటుగా ఇచ్చింది, పేదల ఇళ్లకు కనెక్షను ఉచితం చేసింది.

ఇక పెద్ద అప్పు సంగతి. మన రాష్ట్రంలో 24 గంటల కరెంటు పథకం కింద లైన్లు, సబ్‌స్టేషన్ల బలోపేతానికి ప్రపంచ బ్యాంకు 24 కోట్ల డాలర్లు, ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు 16 కోట్ల డాలర్లు అప్పు ఇచ్చాయి. రాష్ట్రం వాటా 17.1 కోట్లు. ఆ ఆసియా బ్యాంకు 2017 మేలో ఆమోదించిన ఈ రుణమే మన దేశానికి అది ఇచ్చిన మొదటిది.

అప్పు అంటే తీర్చాల్సిందే. తీర్చేది చివరికి బిల్లు కట్టేవాళ్లూ, పన్ను కట్టేవాళ్లూ. 1999లో ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్లు ఇచ్చింది విద్యుత్ సంస్కరణల కోసం. మరుసటి ఏడే ఛార్జీలు పెరిగాయి. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో నిరసనకారులపై పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. అప్పు వద్దని మేము అనడం లేదు. షరతులేమిటో ముందే అడిగి తెలుసుకోవాలంటున్నాం. ప్రపంచ బ్యాంకు నియమాల ప్రకారం గిరిజనులు ఉన్న చోట పథకం పెడితే ముందు వాళ్లను సంప్రదించాలి. ఆ పథకాల పత్రాలు ఎవరైనా చదవవచ్చు. ఇంగ్లీషు వచ్చిన మీరే చదవాలి, పెద్దలకు చెప్పాలి.

ఎంత పెద్ద బ్యాంకు డబ్బయినా స్తంభం దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి ఇంట్లోకి రావాలంటే సర్వీసు వైరు, మీటరు, ఇంటి కాగితం, పేరు. మేము తిరిగిన తండాల్లో చిక్కంతా ఇక్కడే. తండాల్లో, ఎస్టీ కాలనీల్లో నెలకు 200 యూనిట్ల లోపు వాడే గిరిజన కుటుంబాలకు ఉచిత కరెంటు ఉంది. కానీ మీటరు చనిపోయిన తాత పేరు మీదే ఉంటుంది. కుల ధ్రువీకరణ పత్రం ఆ సర్వీసు నంబరుకు జత కాదు. బిల్లు వస్తుంది, అవ్వ కట్టేస్తుంది. అర్హత ఉండీ డబ్బు కట్టడమంటే మాకు మంట. మీ వీధిలో పది ఇళ్ల బిల్లులు తెచ్చి చూడండి. తేడా ఉంటే 1912కు ఫోను చేయండి. అక్కడ కాకపోతే 2003 విద్యుత్ చట్టం కింద ఏర్పడిన వినియోగదారుల ఫిర్యాదుల వేదికకు రాసివ్వండి.

నల్లమల అంచున ఉన్న చెంచు తమ్ముళ్లకు ఇంకో మాట. అడవిలో లైను వేయకూడదని ఎవరైనా అంటే 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షను చూపించండి. బడి, అంగన్‌వాడీ, కరెంటు లైను, సోలారు లాంటి వాటికి ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు మాత్రం తప్పనిసరి. ఆ తీర్మానం రాసి, సంతకాలు, వేలిముద్రలు తీసుకుని, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. రాయడం రాకపోతే సభ అయ్యాక మా దగ్గరికి రండి, కూర్చుని రాద్దాం.