తీరంలో కాస్త చీకటి
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

వృత్తిరీత్యా నేను ఎలక్ట్రికల్ ఇంజనీరును. వెలుగు ఇవ్వడం నా ఉద్యోగం. అయితే కొన్నేళ్లుగా జనవరి నుంచి మే దాకా, విశాఖ తీరంలో సముద్ర తాబేళ్లను కాపాడే ఒక స్థానిక బృందంతో కలిసి పనిచేస్తున్నాను. అక్కడ నేను ఎక్కువగా చేసేది, లైట్లు ఆర్పమని అందరినీ బతిమాలడం!

ఆలివ్ రిడ్లీ తాబేలు రాత్రిపూట ఒడ్డుకు వచ్చి, ఇసుకలో గుంట తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతుంది. మళ్లీ వాటి వంక చూడదు. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. ఇసుక వేడిగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ పుడతాయి. రాత్రివేళ సముద్రం వైపు ఆకాశం కాస్త వెలుతురుగా ఉంటుంది. పిల్లలకు అదే దారి. ఒడ్డున ఫ్లడ్ లైటు వెలిగితే అటే నడుస్తాయి. తెల్లారేసరికి కుక్కల పాలో, కాకుల పాలో అవుతాయి.

మా పని పెద్ద విద్యేమీ కాదు. తెల్లవారకముందే ఇసుక మీద జాడలు వెతుక్కుంటూ నడుస్తాం. గూడు కనబడితే అటవీశాఖకు చెబుతాం. ఈ తాబేలుకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రక్షణ ఉంది. అందుకే వారి అనుమతితోనే గుడ్లను హేచరీకి తరలిస్తాం. గుడ్డును కుదపకూడదు, తిప్పకూడదు. పిల్లలను నేరుగా నీళ్లలో వేయం. ఇసుక మీద వదిలితే వాటంతట అవే నడిచి వెళ్తాయి.

మనసు కలచివేసేది చచ్చి కొట్టుకొచ్చే పెద్ద తాబేళ్లు. ఊపిరి పీల్చడానికి తాబేలు నీటి పైకి రావాలి. ట్రాలు వలలో చిక్కితే రాలేదు. దీనికి మత్స్యకారులను తిట్టడం సులువు. కానీ మనతో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్లలో జాలరిపేటల పిల్లలు ఎందరు లేరు? వేట లేని రోజు ఆ ఇళ్లలో ఎలా గడిచేదో మనం చూడనిదా?

దీనికి ఇంజనీరింగ్ పరిష్కారం ఉంది. వలలో కమ్మీల చట్రం బిగించి, పక్కన ఒక దారి వదిలే 'టెడ్' అనే పరికరం అది. రొయ్యలు కమ్మీల సందుల్లోంచి లోపలికి పోతాయి, తాబేలు దారి గుండా బయటపడుతుంది. మన వలలకు తగినట్టుగా కొచ్చిలోని సిఫ్ట్ సంస్థ దీన్ని రూపొందించింది. కొంత చేప కూడా జారిపోతుందని బోటువాళ్లంటారు. ఆ నష్టమంతా వాళ్ల నెత్తిన వేసి, తాబేళ్లను మనం కాపాడామని చెప్పుకోవడం న్యాయం కాదు.

ఈ సభలో హోటళ్లు నడిపేవారున్నారు, బోట్లున్నవారున్నారు, అధికారులున్నారు. మీకు మూడు విన్నపాలు. ఆ నాలుగైదు నెలలు సముద్రం వైపు లైట్లు రాత్రిపూట ఆర్పండి, లేదా కిందికి తిప్పి ముసుగు వేయండి. టెడ్ బిగించుకునే బోటుకు ఖర్చులో మన సంఘం చేయి కలపాలి. మన బడి పిల్లలను ఒక్క తెల్లవారుజామైనా మాతో నడవనివ్వండి.

సెలవు.