బయట టియర్ గ్యాస్, లోపల రేస్ కార్లు: గొడవలున్న దేశంలో గ్రాండ్ ప్రీ పెట్టాలా?

ఈ ఎపిసోడ్‌లో ఒక్క ప్రశ్న గురించే మాట్లాడుకుందాం. ఒక దేశంలో జనం రోడ్ల మీదకి వచ్చి ప్రభుత్వాన్ని నిలదీస్తున్నారు. కాల్పులు జరుగుతున్నాయి, అర్ధరాత్రి ఇళ్లలోంచి మనుషుల్ని పట్టుకెళ్తున్నారు. అదే దేశంలో ఫార్ములా వన్ రేస్ ఉంది. పెట్టాలా, వద్దా?

చాలామంది వెంటనే ఇచ్చే జవాబు ఒకటుంది. "ఆటని ఆటలా చూడండి బ్రో, రాజకీయాలు కలపొద్దు." నేనూ రేసింగ్ పిచ్చోణ్ణే. రేస్ ఉన్న ఆదివారం నన్ను టీవీ ముందు నుంచి లేపడం మా ఇంట్లో ఎవరి వల్లా కాదు. కానీ ఈ జవాబు నాకు సరిపోవట్లేదు. ఎందుకో చెప్పాలంటే బహ్రెయిన్ కథ చెప్పాలి.

బహ్రెయిన్ అంటే మనకి కొత్త పేరేం కాదు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు గల్ఫ్‌కి పోయినవాళ్లున్న ఇళ్లలో రోజూ వినిపించే పేరే. చిన్న ద్వీప దేశం. పాలించేది సున్నీ రాజకుటుంబం, పౌరుల్లో ఎక్కువమంది షియాలు. 2004లో అక్కడి సఖీర్ ఎడారిలో గ్రాండ్ ప్రీ జరిగింది. మిడిల్ ఈస్ట్ మొత్తంలో అదే మొదటి ఫార్ములా వన్ రేస్.

ఇప్పుడు 2011కి వద్దాం. ట్యునీషియా, ఈజిప్టులో జనం తిరగబడ్డారు. ఆ గాలి బహ్రెయిన్‌కీ వచ్చింది. ఫిబ్రవరి 14న రాజధాని మనామాలో నిరసనలు మొదలయ్యాయి. పెర్ల్ రౌండబౌట్ అనే కూడలిలో జనం టెంట్లు వేసుకుని కూర్చున్నారు. ఫిబ్రవరి 17 తెల్లవారుజామున, వాళ్లు నిద్రలో ఉండగా పోలీసులు విరుచుకుపడ్డారు. నలుగురు చనిపోయారు.

ఆ ఏడాది సీజన్‌లో మొదటి రేస్ మార్చి 13న అక్కడే జరగాలి. ఫిబ్రవరి 21న యువరాజే ముందుకొచ్చి, ఈసారి వద్దులెండి అన్నాడు. తర్వాత మార్చిలో సౌదీ సైన్యం వంతెన దాటి వచ్చింది, ఎమర్జెన్సీ పెట్టారు. ఆ కూడలిలో ఉన్న ముత్యం స్మారకాన్ని కూడా కూల్చేశారు. జనం గుర్తుపెట్టుకోవడానికి ఆ కట్టడం కూడా మిగలకూడదని!

ఇక్కడ రేసింగ్ ఫ్యాన్స్‌కి పెద్దగా తెలియని ముక్క ఒకటుంది. ఆ గొడవల టైమ్‌లో రేస్ ట్రాక్‌లో పనిచేసే ఉద్యోగుల్లో కొందరిని కూడా అరెస్ట్ చేశారు, ఉద్యోగాల్లోంచి తీసేశారు. మనం టీవీలో చూసే ఆ రేస్‌ని నడిపించే మనుషులే వాళ్లు. అలాంటప్పుడు "ట్రాక్ వేరు, రాజకీయం వేరు" అనే మాట ఎలా నిలబడుతుంది?

జూన్ 3న ఎఫ్ఐఏ, అంటే ప్రపంచ మోటార్ స్పోర్ట్‌ని నడిపే సంస్థ, రేస్‌ని అక్టోబర్‌లో పెడతామంది. టీమ్‌లు ఒప్పుకోలేదు. డ్రైవర్లలో మార్క్ వెబర్ ఇది తప్పని బహిరంగంగానే చెప్పాడు. వారం తిరక్కుండానే ఆ ప్లాన్ ఆగిపోయింది.

అదే ఏడాది నవంబర్‌లో షరీఫ్ బాసియూనీ అనే న్యాయనిపుణుడి కమిషన్ రిపోర్ట్ వచ్చింది. ఈ కమిషన్ వేసింది బహ్రెయిన్ రాజే. పట్టుకున్నవాళ్లని చిత్రహింసలు పెట్టారని ఆ రిపోర్టే తేల్చింది.

అయిదు నెలలు గడిచాయి. 2012 ఏప్రిల్ 22న రేస్ జరిగింది.

ఆ రేస్ పోస్టర్ గురించి చెప్పాలి. ఇంగ్లిష్‌లో "యూనిఫైడ్" అనే పదం తీసుకుని, మధ్యలో ఎఫ్1 అనే అక్షరాలు ఇరికించారు. దాని కింద, ఒకే దేశం, ఒకే పండగ అనే అర్థం వచ్చే లైన్. ఇది ఆట గురించిన మాటా? మా దేశంలో అంతా బాగుంది, మేమంతా ఒక్కటే అని ప్రపంచానికి చెప్పే మాట అది. ఆటలోకి రాజకీయాన్ని తెచ్చింది నిరసనకారులు కాదు. పోస్టర్ అచ్చేసినవాళ్లే ముందు తెచ్చారు.

మరి ఆ వారం నిజంగా పండగలా ఉందా? విజయ్ మాల్యా టీమ్ ఫోర్స్ ఇండియా గుర్తుందా? బుధవారం వాళ్ల మనుషులు వెళ్తున్న కారు పెట్రోల్ బాంబుల మధ్య ఇరుక్కుంది. ఇద్దరు సిబ్బంది ఇంటికెళ్లిపోయారు. చీకటి పడేలోపు హోటల్‌కి చేరాలని శుక్రవారం రెండో ప్రాక్టీస్‌నే ఆ టీమ్ వదిలేసింది. శనివారం ఉదయం ఒక ఊళ్లో ఇంటి పైకప్పు మీద ఒక నిరసనకారుడి శవం దొరికింది. అప్పటికి జైల్లో అబ్దుల్‌హాదీ అల్ ఖవాజా అనే మానవ హక్కుల నాయకుడు రెండు నెలలకు పైగా నిరాహార దీక్షలో ఉన్నాడు. ఆదివారం వెటెల్ గెలిచాడు, పోడియం మీద వేడుక అయిపోయింది.

ఇక్కడ ఎదుటివాళ్ల వాదన కూడా న్యాయంగా వినాలి. వాళ్లేమంటారంటే, రేస్ వచ్చింది కాబట్టే ప్రపంచం బహ్రెయిన్ వైపు చూసింది కదా అని. నిజమే. ఆ వారం ప్రపంచ మీడియా అంతా బహ్రెయిన్ గురించే మాట్లాడింది. రేస్ లేకపోతే అంత కవరేజ్ వచ్చేది కాదు. రేస్ రద్దయితే హోటళ్లు, టాక్సీలు, చిన్న చిన్న పనులు చేసుకునేవాళ్లు దెబ్బతింటారు, రాజుకేం కాదు. ఇది కూడా నిజమే.

కానీ ఇంకో విషయం చూడండి. స్పోర్ట్స్ రిపోర్టర్లకి వీసాలు ఇచ్చారు. న్యూస్ రిపోర్టర్లు చాలామందికి ఇవ్వలేదు. వీసా దొరక్క మామూలుగా వెళ్లి గ్రామాల్లో షూట్ చేస్తున్న బ్రిటన్ చానెల్ 4 టీమ్‌ని పట్టుకుని, దేశం నుంచి పంపించేశారు. అంటే కెమెరాలు రావాలి, కానీ కార్ల వైపే చూడాలి. అలాంటప్పుడు "రేస్ వల్ల వెలుగు పడుతుంది" అనే వాదన సగమే మిగులుతుంది.

ఇదేమీ కొత్త కథ కాదు. 1958 క్యూబా చూడండి. బాటిస్టా నియంతృత్వం, కాస్ట్రో తిరుగుబాటు. హవానాలో రేస్‌కి ఒక్కరోజు ముందు, అయిదుసార్లు వరల్డ్ చాంపియన్ ఫాంగియోని కాస్ట్రో మనుషులు హోటల్ లాబీలోంచి ఎత్తుకెళ్లారు. బాటిస్టా తగ్గలేదు, రేస్ పెట్టేశాడు. కాసేపటికే ఒక కారు జనంలోకి దూసుకెళ్లి ప్రేక్షకులు చనిపోయారు. ఫాంగియోని క్షేమంగా వదిలేశారు. 1985లో దక్షిణాఫ్రికా: వర్ణవివక్ష, ఎమర్జెన్సీ. ఫ్రాన్స్ ప్రభుత్వం ఒత్తిడితో లిజియే, రెనో టీమ్‌లు వెళ్లలేదు. మిగతావాళ్లు వెళ్లారు. ఆ తర్వాత మాత్రం 1992 దాకా అక్కడ ఫార్ములా వన్ జరగలేదు.

2022కి రండి. ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేస్తే, మర్నాడే సోచి రేస్ రద్దు. ఒక్కరోజులో! అదే ఏడాది మార్చిలో సౌదీలోని జెడ్డాలో ప్రాక్టీస్ జరుగుతుండగా, ట్రాక్‌కి సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఆరాంకో ఆయిల్ డిపో మీద హౌతీల మిసైల్ పడింది. పొగ ట్రాక్ నుంచే కనబడింది. డ్రైవర్లు నాలుగు గంటలకి పైగా మీటింగ్ పెట్టుకున్నారు. ఆదివారం రేస్ జరిగింది.

ఒకచోట ఒక్కరోజులో కుదిరింది, ఇంకోచోట ఎందుకు కుదరలేదు? డబ్బు లెక్క తెలిస్తే సగం అర్థమవుతుంది. ఫార్ములా వన్ రావాలంటే ఆతిథ్య దేశం ప్రతి రేస్‌కీ పెద్ద ఫీజు కట్టాలి. బహ్రెయిన్ ఏడాదికి దాదాపు 4 కోట్ల డాలర్లు కడుతోందని అప్పట్లో వార్తలొచ్చాయి. టికెట్లు అమ్మి ఇంత డబ్బు రాబట్టడం కష్టం. అందుకే ప్రభుత్వాలు కడతాయి, ప్రచారం కోసం. హైదరాబాద్‌లో మనం కూడా చూశాం. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ జరిగింది. ప్రభుత్వం మారాక 2024 రేస్ రద్దయింది. అక్కడ అల్లర్లేం లేవు, దాన్నీ దీన్నీ ఒకటని అనట్లేదు. నేను చెప్పేది ఒకటే. రేస్ బతికేది ప్రభుత్వం ఇష్టం మీద. అందుకే ఆ రేస్ ప్రభుత్వం చెప్పమన్న కథే చెబుతుంది.

మరి ఏం చేయాలి? గొడవలున్న ప్రతి దేశాన్నీ బహిష్కరించమని నేననను. అలా అయితే ఏ దేశమూ మిగలదు. నిరసనలు ఎక్కడైనా జరుగుతాయి, అది ప్రజాస్వామ్యమే. నేను అడిగేవి మూడు ప్రశ్నలు.

ఒకటి, న్యూస్ రిపోర్టర్లని స్వేచ్ఛగా తిరగనిస్తారా? రెండు, ట్రాక్ బయట శాంతంగా ప్లకార్డ్ పట్టుకున్నవాడు రాత్రికి ఇంటికి చేరతాడా? మూడు, ఈ రేస్ వల్ల, దీని గురించి మాట్లాడినందుకు ఎవరైనా జైలుకెళ్తారా? ఈ మూడూ కాంట్రాక్టులోనే రాయాలి. తప్పితే రేస్ ఉండదని కూడా రాయాలి. ఫీజు కట్టకపోతే ఏమవుతుందో అందులో రాసుకుంటారు కదా, ఇది రాయడానికి ఏం కష్టం? 2012 బహ్రెయిన్‌కి ఈ పరీక్ష పెడితే ఫెయిల్. ఆ రేస్ జరగకుండా ఉండాల్సింది అనేదే నా అభిప్రాయం.

ఎఫ్ఐఏ ఇప్పటిదాకా అడుగుతూ వచ్చిన ప్రశ్న వేరు. డ్రైవర్లకి, టీమ్‌లకి సేఫ్టీ ఉందా అని. అది అడగాల్సిందే. కానీ ఆ ప్రశ్నకి జవాబు ఇంకో వెయ్యి మంది పోలీసుల్ని దింపితే దొరికిపోతుంది. ఆ పోలీసులు ఎవరి మీదకి వెళ్తారన్నది ఆ ప్రశ్నలో లేదు.

ఆఖరుగా ఒక్కటి, ఫోన్ చేతిలో ఉన్న మనందరి కోసం. 2017లో బహ్రెయిన్‌లో ఒక మహిళని అరెస్ట్ చేశారు. ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టులకి 2018లో మూడేళ్ల జైలు వేశారు. ఆ పోస్టుల్లో గ్రాండ్ ప్రీని విమర్శించినవి కూడా ఉన్నాయి. రేస్‌కీ శిక్షకీ సంబంధం లేదని ప్రభుత్వం చెప్పింది. ఫార్ములా వన్ మాత్రం ఆందోళనగా ఉందంది. 2019లో రాజు క్షమాభిక్షతో ఆమె బయటకొచ్చింది. ఆమె జైల్లో ఉండగా కూడా రేస్ ఆగలేదు. రేస్ నచ్చలేదని మనం రోజుకి పది పోస్టులు పెడతాం, మీమ్స్ వేస్తాం. మనకేమవుతుంది? మహా అయితే లైకులు తగ్గుతాయి.

అందుకని రేస్ చూడొద్దని నేను చెప్పను. నేనూ చూస్తాను. చూస్తూనే ఆ మూడు ప్రశ్నలూ అడుగుదాం. 2020లో బహ్రెయిన్‌లో హింసకి గురైనవాళ్లు రాసిన ఉత్తరాలు అందాక లూయిస్ హామిల్టన్ ఈ విషయం ఎత్తాడు. ఏడుసార్లు చాంపియన్ అడగగలిగితే, ఫ్యాన్స్ కూడా అడగొచ్చు.

మీరేమంటారు? 2012లో మీరే ఎఫ్ఐఏ కుర్చీలో ఉంటే ఏం చేసేవాళ్లు? కింద రాయండి, నాతో ఒప్పుకోకపోయినా రాయండి. మళ్లీ కలుద్దాం. ఉంటాను మరి, జాగ్రత్త.