ఆపా నోటుబుక్కు

(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది మా ఆపా మనల్ని విడిచి వెళ్లారు. అల్లాహ్ ఆమెను మన్నించి, స్వర్గంలో ఉన్నత స్థానం ప్రసాదించుగాక. వేదికల మీద తన పేరు వినబడటం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. అందుకే పేరు చెప్పకుండానే మాట్లాడతాం. కర్నూలు పాతబస్తీలో ఆడపిల్లల హైస్కూలు లెక్కల టీచరు, తర్వాత హెడ్‌మిస్ట్రెస్ అంటే చాలు, ఎవరో మీలో చాలామందికి తెలిసిపోతుంది.

మేము అంటే 1998 డి.ఎస్.సి.లో ఎంపికై ఆ బడిలో చేరిన ఐదుగురం. మాలో ముగ్గురు ముస్లింలు కారు. అయినా ఐదుగురికీ ఆమె ఆపాయే.

మేమందరం బి.ఎడ్. చదివినవాళ్లమే. తెలిసిన దాని నుండి తెలియని దానికి వెళ్లాలని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. అదెలా ఉంటుందో మాత్రం ఆపా తరగతిలో వెనక బెంచీ మీద కూర్చున్నాకే తెలిసింది. మిశ్రమ భిన్నాలు ఆరో తరగతి పిల్లలకు ఎంతకీ అర్థమయ్యేవి కావు. ఆపా సుద్దముక్క ముట్టుకోకుండా, "అమ్మీ అంగడికి పంపితే కందిపప్పు ఎంత తెమ్మంటుంది?" అని అడిగారు. సవా కిలో, డేఢ్ కిలో, ఢాయీ కిలో అని పిల్లలు అరిచారు. "సవా అంటే ఒకటీ పావు, డేఢ్ అంటే ఒకటిన్నర, ఢాయీ అంటే రెండున్నర. లెక్క మీకు వచ్చు, రాయడమే రాదు" అన్నారు. అప్పుడు నల్లబల్ల దగ్గరికి వెళ్లారు.

చేరిన రెండో ఏడు మాలో ఒకరం తప్పు చేశాం. ఎవరమో చెప్పం, ఆపా కూడా ఎన్నడూ చెప్పలేదు. పదో తరగతి పరీక్ష ఫీజుకు ఆఖరి తేదీ దగ్గరపడింది. కట్టనివారి పేర్లు చదివి తరగతిలో నిలబెట్టాం. ఏడుగురు లేచారు. మరునాడు ఆరుగురే బడికి వచ్చారు. ఏడో అమ్మాయి తండ్రి తోపుడు బండి మీద పండ్లు అమ్మేవాడు.

ఆపా మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆమెకు కోపం రాదనుకోకండి. రిజిస్టరులో కొట్టివేత కనబడితే స్టాఫ్ రూం దద్దరిల్లేది. ఆ రోజు మాత్రం బడి వదిలాక "పదండి బేటా, అలా వెళ్లొద్దాం" అని మమ్మల్ని ఆ ఇంటికి తీసుకెళ్లారు. ఫీజు ఊసే ఎత్తలేదు. నామినల్ రోల్‌లో పేరు అక్షరాలు సరిచూసుకోవాలి, రేపు తప్పకుండా రావాలి అని మాత్రం ఆ అమ్మాయికి చెప్పారు. ఆమె వచ్చేసరికి ఫీజు కట్టేసి ఉంది. ముందురోజు తిరిగి వస్తూ దారిలో ఆపా అన్న మాట మాకు ఇప్పటికీ వినిపిస్తుంది: "పిల్లను నిలబెట్టడం మనకు ఒక్క నిమిషం పని. ఆ పిల్ల ఎన్నాళ్లు అలాగే నిలబడి ఉంటుందో మనకు తెలియదు."

తర్వాత మా బడిలో పేర్లు చదవడం ఆగిపోయింది. పుట్టినతేదీ సరిచూడాలని పిల్లలందరినీ ఒక్కొక్కరిగా ఆఫీసు గదిలోకి పిలిచేవారు. కట్టగలిగినవారూ కట్టలేనివారూ అదే వరుసలో నిలబడేవారు.

2009 అక్టోబరు 2 గురించి మీకు చెప్పనక్కర్లేదు. తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డ రోజు. గాంధీ జయంతి సెలవు కనుక బడిలో పిల్లలు లేరు. నీరు తీశాక వెళ్లి చూస్తే ఆఫీసు గదినిండా బురద, బీరువా కింది అరల్లో అడ్మిషన్ రిజిస్టర్లు ఉబ్బి ఇటుకల్లా ఉన్నాయి. ఆపా ఇల్లూ మునిగింది. అయినా మూడో రోజుకల్లా బడిలో ఉన్నారు. టీసీలు, మార్కుల మెమోలు నీళ్లలో పోగొట్టుకున్న ఆడపిల్లలు ఎందరో. నకలు కావాలన్నా, పుట్టినతేదీ రుజువు కావాలన్నా బడి రిజిస్టరే ఆధారం. మేడ మీది గదిలో రిజిస్టర్లు పరిచి, తడి పేజీల మధ్య పాత పేపర్లు పెట్టి, అవి తడిసినప్పుడల్లా మార్చాం. ఎండలో పెట్టనివ్వలేదు, కాగితం ముడుచుకుపోతుందని. బాల్‌పెన్ను రాతలు నిలిచాయి. పాత సిరా రాతలు కొన్ని నీలి మరకలయ్యాయి. వాటిలో కొందరు పిల్లలు ఆపాకు బాగా గుర్తే. అయినా గుర్తున్నంత మాత్రాన పూరించనివ్వలేదు. పాత నామినల్ రోల్ నకళ్లు వెతికి, దొరికినంతవరకే రాయించారు. పదిహేను రోజులు పట్టింది.

జనాజా రోజు ఆమె ఇంటికి వచ్చిన ఆడవాళ్లలో సగం మందిని మేము ఎరగం. ఒకామె తన పరీక్ష ఫీజు ఆపాయే కట్టారని, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదని మాతో నెమ్మదిగా అంది. పక్కనున్నామె తలెత్తి చూసి "నాది కూడా" అంది. తర్వాత ఇంకొకామె. ఎవరికి వారు తామొక్కరే అనుకుంటూ వచ్చారు.

కొన్నాళ్లకు ఆపా కోడలు మాకు ఒక నోటుబుక్కు ఇచ్చింది. అందులో మూడు గళ్లు. అడ్మిషన్ నంబరు, ఎంత, దేనికి. పేర్లు లేవు. ఇచ్చినవారి పేర్లూ లేవు. "బట్టల అంగడి", "మందుల షాపు" అని మాత్రం మార్జిన్‌లో ఉంది. ఆ మాటల్లో మీలో కొందరు మిమ్మల్ని మీరు గుర్తుపడతారు.

సావనీర్ కమిటీ మిత్రులు ఆ నంబర్లకు పేర్లు కనుక్కుని, ఎవరు ఏ స్థాయికి వచ్చారో ఈ సంచికలో వేద్దామన్నారు. మంచి మనసుతోనే అన్నారు. తామిచ్చింది ఎటు వెళ్లిందో తెలుసుకోవాలని దాతలకు ఉంటుంది, అది న్యాయమే. మేము కూర్చుని మాట్లాడుకున్నాం. ఆపా ఇన్నేళ్లు దాచినదాన్ని ఒక పేజీలో విప్పడానికి మాకు మనసొప్పలేదు. మొత్తాలు కూడి, ఖర్చు పద్దు కార్యదర్శి గారికి ఇచ్చాం. కావలసినవారు ఆయన దగ్గర చూడవచ్చు. చనువు కొద్దీ ఇంకో మాట. నోటుపుస్తకాలు, యూనిఫారాలు పంచేటప్పుడు పిల్లల్ని వేదిక మీద నిలబెట్టి ఫోటోలు తీయడం వచ్చే ఏడు నుంచి మానేద్దాం. సామానుకు ఫోటో తీయండి, బిల్లు అచ్చు వేయండి.

నోటుబుక్కులో ప్రతి వరుస చివరా ఎర్ర టిక్కు ఉంది, ఆఖరి వరుసకు తప్ప. ఆ నంబరు ఎవరిదో రిజిస్టరులో చూశాం. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ రెండో ఏడు. ఫీజు మొన్న కట్టి, టిక్కు పెట్టాం.