పటాలం పులుసు



ఈమధ్య మన పిల్లలు కొరియా సీరియళ్ళు చూసి, అందులో వాళ్ళు బల్లమీదనే పొయ్యి పెట్టుకొని చుట్టూ కూర్చుని తినే ఎర్రటి పులుసు కావాలని పేచీ పెడుతున్నారు. మా మనవరాలూ అంతే. "అమ్మమ్మా, నీకు పులుసులన్నీ వచ్చుగా, ఇదీ చెయ్యి" అంది. సరే, ముందు అదేమిటో తెలుసుకుందామని కూర్చున్నాను. తెలిశాక కాసేపు పొయ్యి దగ్గరకు వెళ్ళబుద్ధి కాలేదు.

దాని పేరు 'బుదే జిగే'. బుదే అంటే సైనిక దళం, జిగే అంటే చిక్కగా ఉడికిన పులుసు. మన మాటలో పటాలం పులుసు అనుకోండి.

1950 జూన్ 25న కొరియాలో యుద్ధం మొదలై, 1953 జూలై 27న కాల్పులు ఆగాయి. ఆ తరువాత ఖైదీల అప్పగింతకు ఏర్పడిన తటస్థ దేశాల సంఘానికి మన జనరల్ తిమ్మయ్యే అధ్యక్షుడు. ఆ మూడేళ్ళలో ఊళ్ళకు ఊళ్ళే నేలమట్టమయ్యాయి. బియ్యానికే కరువైతే మాంసం మాట ఎవరెత్తుతారు? తిండి పుష్కలంగా ఉన్నది అమెరికా సైనిక శిబిరాల్లోనే. అక్కడ సైనికులు తిని వదిలేసినది బయటికి తెచ్చి, నీళ్ళు పోసి మరిగించి అమ్మేవారు. దాన్ని 'పందుల జావ' అనేవారు. అందులో ఒక్కోసారి సిగరెట్ పీకలు కూడా తగిలేవట. ఎంగిలని తెలిసే కొనుక్కున్నారు. ఎంగిలి అంటే ఇంత పట్టింపున్న మనం, ఆ తల్లుల చోట ఉండి పిల్లవాడి నోటికి ఆ గిన్నె అందించడం ఊహించుకోగలమా?

అయితే ఒక్క మాట. ఆ జావా ఈ పులుసూ ఒకటేనని కొందరంటారు, నేనొప్పుకోను. పటాలం పులుసుకు వాడినది డబ్బాల్లో వచ్చిన సరుకు. సోల్ నగరానికి ఉత్తరాన ఉయ్‌జొంగ్బు అనే ఊరుంది, చుట్టూ అమెరికా శిబిరాలుండేవి. అక్కడ హొ గి సుక్ అనే ఆవిడ 1960లో చిన్న భోజనశాల పెట్టారు. శిబిరాల్లో పనిచేసేవారు తెచ్చిన హామ్, సాసేజ్ ముక్కలు మొదట వేయించి పెట్టేవారు. అన్నంలోకి ఏమైనా కావాలంటే కిమ్చి, మిరపముద్ద వేసి నీళ్ళు పోసి మరిగించారు. ఈ పులుసు అలా పుట్టిందని చెబుతారు. ఆ సరుకు బయట అమ్మడం అప్పట్లో నేరం, అందుచేత భయం భయంగానే వండేవారు. ఇప్పుడు ఆ ఊళ్ళో ఈ పులుసుకే ఒక వీధి ఉంది! స్పామ్ అనే డబ్బా మాంసం 1987 నుంచి కొరియాలోనే తయారవుతోంది. పంటల పండుగకు ఆ డబ్బాలనే అందమైన పెట్టెలో సర్ది బంధువులకు కానుకిస్తారు. చూశారూ, కాలం ఎలా తిరిగిందో!

ఇక వంట. నలుగురికి చెబుతాను. బాగా పులిసిన కిమ్చి ఒక కప్పు ఉండాలి, కొత్త కిమ్చి పనికిరాదు. సాసేజ్ 200 గ్రాములు, డబ్బా మాంసం 200 గ్రాములు. గొడ్డుమాంసం, పందిమాంసం తిననివారు కోడిమాంసం సాసేజ్‌లే 400 గ్రాములు వేసుకోండి, నేనూ అదే చేశాను. సోయా పనీరు 150 గ్రాములు, ఒక ఉల్లిపాయ, గుప్పెడు పుట్టగొడుగులు, టమాటా రసంలో ఉడికిన డబ్బా చిక్కుడు గింజలు మూడు చెంచాలు. మసాలాకు: మిరపపొడి రెండు పెద్ద చెంచాలు, గోచుజాంగ్ అనే మిరపముద్ద ఒకటి, సోయా సాస్ ఒకటి, దంచిన వెల్లుల్లి ఒకటి. మిరపపొడిని వాళ్ళు 'గోచుగారు' అంటారు. 'గారు' అంటే వాళ్ళ భాషలో పొడి, మర్యాద కాదు సుమండీ! మన గుంటూరు కారం అంత వేశారో, కళ్ళనీళ్ళే. కాశ్మీరీ మిరపపొడి నయం.

వెడల్పాటి లోతు తక్కువ గిన్నెలో ముక్కలన్నీ విడివిడిగా చుట్టూ సర్దండి, మధ్యలో మసాలా ముద్ద పెట్టండి. నాలుగు కప్పుల ఎముకల రసమో, కూరగాయల రసమో పోసి, మూతపెట్టి పది నిమిషాలు ఉడికించండి. ఉప్పు మాత్రం ముందు వెయ్యకండి. కిమ్చిలో, సాసేజ్‌లో, సాస్‌లో బోలెడుంటుంది. నేను అలవాటుకొద్దీ వేసి, సగం నీళ్ళు కలపవలసి వచ్చింది. చివర ఒక పొట్లం నూడిల్స్ వేసి మూడు నాలుగు నిమిషాలు ఉంచండి. ఇవి యుద్ధకాలం నాటివి కావు, పొట్లాల నూడిల్స్ కొరియాలో మొదలైంది 1963లో. పైన ఒక చీజ్ బిళ్ళ కూడా వేస్తారు, నాకది నచ్చలేదు.

మా మనవరాలు రెండుసార్లు వడ్డించుకుంది. తింటూండగానే పందుల జావ సంగతి చెప్పాను. అలా తినేటప్పుడు చెప్పకూడదని మా అమ్మాయి కేకలేసింది. పిల్ల మాత్రం కాసేపు ఊరుకొని, గిన్నె అడుగున ఉన్నది గరిటెతో గీకి అన్నంలో కలుపుకుంది.

నూడిల్స్ నీళ్ళు పీల్చేస్తాయి, పక్కన మరో కప్పు వేడి రసం సిద్ధంగా ఉంచుకోండి. సెలవు.