అశోక చక్రవర్తి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున అశోక చక్రవర్తిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. పల్లెటూరి గ్రంథాలయమునకును, ఇరువదిరెండు శతాబ్దములకు పూర్వపు చక్రవర్తికిని సంబంధమేమని మీరడుగవచ్చును. దానిని చూపుటయే నా యుద్దేశము.

అశోకుడు చంద్రగుప్త మౌర్యుని మనుమడు, బిందుసారుని కుమారుడు. క్రీ. పూ. 268 ప్రాంతమున పాటలీపుత్రమున పట్టాభిషిక్తుడై సుమారు 36 సంవత్సరములు పాలించెను. అతని యౌవనమును గూర్చి బౌద్ధగ్రంథములందు వింతకథలు పెక్కులు గలవు. వానిని విడిచి, అతడు స్వయముగా చెక్కించిన మాటలనే చూతము.

అభిషేకమైన ఎనిమిదేండ్లకు అతడు కళింగమును జయించెను. ఆ యుద్ధమున లక్షయేబదివేలమంది చెరబట్టి తరలింపబడిరి, లక్షమంది హతులైరి, అంతకెన్నో రెట్లు మరణించిరి. ఈ లెక్క చెప్పినది ఓడినవాడు కాదు, గెలిచినవాడు. తన గెలుపును తన దుఃఖముగా లోకమునకు చాటిన రాజు చరిత్రలో మిక్కిలి యరుదు. అయినను సత్యమును దాచరాదు. అతడు కళింగమును తిరిగి యీయలేదు. అడవిజాతులవారిని హెచ్చరించుట మానలేదు. ఆ పశ్చాత్తాపశాసనమును కళింగమందలి ధౌలి, జౌగడలలో చెక్కింపనేలేదు. మనుష్యులందరు తన బిడ్డలేయని చెప్పు వేఱు శాసనములను అచ్చట వ్రాయించెను. అతనిని దేవునిగా గాక, తప్పుచేసి దిద్దుకొన యత్నించిన మనుష్యునిగా చూచినచో మనకు మఱింత దగ్గఱివాడగును.

ఆ యత్నము మాటలతో ముగియలేదు. మనుష్యులకును పశువులకును చికిత్సలు కల్పించెను. బాటలవెంట చెట్లు నాటించి, బావులు త్రవ్వించెను. భోజనము చేయుచున్నను, అంతఃపురమున నున్నను ప్రజల కార్యము తనకు విన్నవింపవలెనని ఆజ్ఞాపించెను. తన మతమును పొగడి పరమతమును నిందించువాడు తన మతమునకే కీడు చేయునని బోధించెను.

ఈ శాసనములు మనకు దూరమున లేవు. కర్నూలు జిల్లా యెఱ్ఱగుడి బండలమీద పదునాలుగు శాసనములును, లఘుశాసనములును గలవు. లఘుశాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి యెడమకును సాగును. తల్లిదండ్రులమాట వినుడు, ప్రాణులయెడ దయచూపుడు, సత్యము పలుకుడని అందు గలదు. పదమూడవ శాసనమున ఆంధ్రుల పేరును గలదు.

ఇక గ్రంథాలయపుమాట. ధౌలి శాసనమును తిష్యనక్షత్రము గల దినములందు చదివి వినిపింపవలెననియు, వినువాడొక్కడే యైనను వినిపింపవచ్చుననియు అశోకుడు విధించెను. అక్షరము రానివానికిని అక్షరముయొక్క ఫలము చేరవలెనని అతని తలంపు. అంత శ్రద్ధతో వ్రాయించినను ఏమైనది? కాలక్రమమున ఆ బ్రాహ్మీలిపిని చదువువారే లేకపోయిరి. పదునాల్గవ శతాబ్దమున ఫిరోజ్ షా తుగ్లకు అశోకస్తంభములను ఢిల్లీకి తెప్పించి పండితులను పిలిపింపగా ఒక్కరును చదువలేకపోయిరి. మన తెలుగులిపికి మూలమైన లిపియే మనకు మూగవోయినది! 1837లో జేమ్స్ ప్రిన్సెప్ దానిని చదువగలిగెను. 1915లో మస్కి శాసనమున అశోకుడను పేరు కనబడిన పిమ్మటనే, శాసనములందలి ప్రియదర్శి అతడేయని నిస్సందేహముగా తేలినది.

సోదరులారా! రాయి చెడలేదు; అక్షరము చెరగలేదు; చదువరి లేకపోయెను. అంతమాత్రముననే చక్రవర్తి వాక్కు శతాబ్దములకాలము నిదురించెను. బీరువాలోని గ్రంథమునకును ఇదే గతి పట్టవచ్చును. కావున ఈ గ్రంథాలయమునకు మనమీయదగిన కానుక కొత్త బీరువా కాదు, కొత్త చదువరి. సాయంకాలము ఇచ్చటికి వచ్చినవాడొక్కడే యైనను తలుపు తీసియుంచుడు. చదువురానివాడు వచ్చినచో చదివి వినిపింపుడు. చక్రవర్తి కోరినదియు అదియే.