నిలువలేని రోగికి ఎక్స్‌రే
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)

నేను ఊరి లెక్కలు వ్రాయువాడను, వైద్యుడను గాను. నేర్చిన నాలుగక్షరములును ఈ గ్రంథాలయపు భిక్షయే. అయినను నా యింట జరిగిన యొక సంగతిని మనవి చేయుదును.

కొన్నియేండ్ల క్రిందట, కుడితుంటి విరిగి మంచముననున్న మా మేనత్తకు హఠాత్తుగా దుర్భరమైన కడుపునొప్పి వచ్చెను. హయత్‌నగరునుండి నగరమందలి యొక ఆసుపత్రికి కొనిపోతిమి. ఎక్స్‌రే గదిలో "నిలువబెట్టుడు" అనిరి. ఆమె నిలువజాలదని చెప్పవలసిన నేను మారాడక, చంకల క్రింద చేతులిడి లేపితిని. ఆమె సొమ్మసిల్లెను. ఆ తప్పు నాది.

అంతలో వృద్ధుడైన ఎక్స్‌రే ఉద్యోగి యొకరు వచ్చి, "అమ్మను లేపవద్దు" అని ఎడమప్రక్కకు ఒత్తిగిలజేసి, 10 నిమిషములు ఆగి, కిరణమును అడ్డముగా పంపి పటము తీసెను.

కారణము పిదప తెలిసికొంటిని. జీర్ణాశయమునకు గాని ప్రేగునకు గాని రంధ్రము పడినచో లోని గాలి వెలికి వచ్చి పైకెగయును. రోగి నిలుచున్నచో అది ఉదరవితానము క్రింద చేరి, ఱొమ్ము పటములో నల్లని నెలవంకవలె కనబడును. వెల్లకిల పరుండినచో కడుపు ముందుభాగమున పరచుకొని కంటికి చిక్కకపోవచ్చును. ఎడమప్రక్కకు పరుండినచో కుడివైపుననున్న కాలేయము మీదికి చేరును. కాలేయము పటమున తెల్లగా నుండును గనుక, దాని ప్రక్క నల్లని గీత సన్ననిదైనను తెలియును. జీర్ణాశయమందు సహజముగా నుండు గాలితో భ్రమయు కలుగదు. ప్రేగులు మూసికొనిపోయినప్పుడు నిలుచు ద్రవమట్టములు గూడ ఈ భంగిమయందు కనబడును.

మా అత్తకు ఆ గీత కనబడెను. ఆ రాత్రియే శస్త్రచికిత్స జరిగెను. మనుమరాలి పెండ్లి చూచునంతవరకు ఆమె జీవించెను.

రాంట్‌గెన్ 1895లో కనుగొనిన ఈ కిరణము సమస్తమును చూపదు. పటము నిర్మలముగా నున్నంతమాత్రమున రోగము లేదనరాదు. స్వల్పమైన రంధ్రమును సి.టి. స్కాన్ ఇంకను స్పష్టముగా చూపును.

అంపశయ్యపైనున్న భీష్ముని లేచి రమ్మని ధర్మరాజు కోరలేదు. తానే చెంతకేగి ధర్మము లడిగెను. రోగి యెడలను అట్లే. రోగి నిలువగలడో, కూర్చుండగలడో, ఏ ప్రక్కకు ఒత్తిగిలగలడో ముందుగనే వైద్యునికి ఉన్నదున్నట్లు చెప్పుడు. లెక్కలలో నేను నేర్చిన ధర్మమును అదియే. సెలవు.